బరువు తగ్గడానికి మీరు చేసే పనులను లెక్కపెట్టుకోవడం ఎలా?

"అన్నం బాగా తగ్గించేశాను. రోజూ నడుస్తున్నాను. అయినా బరువు కదలడం లేదు." ఈ మాట మన ఇళ్లలో, పార్కు బెంచీల మీద, డాక్టరు గది బయట కుర్చీల్లో తరచూ వినిపిస్తుంది. అన్నవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కానీ "బాగా" అంటే ఎంత, "రోజూ" అంటే వారంలో ఎన్ని రోజులు అని ఎవరూ అడగరు, వాళ్లూ లెక్క చూసుకోరు. బరువు మిషన్ మీది అంకె ఫలితం ఒక్కటే చెబుతుంది. ఆ ఫలితం కోసం మీరు ఏమేం చేశారు, ఎన్నిసార్లు చేశారు అన్నది దానికి తెలియదు. అది మీకూ తెలియకపోతే ఏ పద్ధతి కొనసాగించాలో, ఏది వదిలేయాలో తేల్చుకోలేరు. పక్కింటావిడ చెప్పిన మెంతుల నీళ్లు, యూట్యూబ్‌లో చూసిన సిరిధాన్యాలు, ఆఫీసులో ఎవరో చెప్పిన పదహారు గంటల ఉపవాసం ఇలా ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి. చివరికి "నా శరీరమే అంత" అనుకుని వదిలేస్తారు.

అందుకే బరువుతో పాటు పనులను కూడా కొలవాలి. దీనికి ఒక పొడుగు నోటు పుస్తకం, పెన్ను, కుట్టుపనివాళ్లు వాడే టేపు, ఒక బరువు మిషన్, మొదటి విడతకు ఐదు వారాల ఓపిక ఉంటే చాలు. యాప్ అవసరం లేదు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు బరువు తగ్గే ప్రయత్నాలు సొంతంగా చేయకూడదు. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు పూట మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. కాబట్టి భోజనం వేళలు మార్చే ముందు డాక్టరును అడగండి. తిండి గురించిన భయం ఇదివరకే మిమ్మల్ని వేధించి ఉంటే, రోజూ లెక్కలు రాయడం దాన్ని పెంచవచ్చు. అలాంటివాళ్లు ఈ పని ఒంటరిగా చేయవద్దు.

మొదటి అడుగు: వారం పాటు ఏమీ మార్చకుండా జాబితా రాయండి

ఈ వారం కొత్తగా ఏదీ మొదలుపెట్టకండి. బరువును దృష్టిలో పెట్టుకుని మీరు ఇప్పటికే చేస్తున్న ప్రతి పనినీ, అది ఎంత చిన్నదైనా, రాసుకుంటూ వెళ్లండి. మొదటి రోజు నాలుగైదే తడతాయి: రాత్రి పుల్కాలు, ఉదయం నడక, టీలో చక్కెర తగ్గించడం, గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం. మూడో రోజుకు మిగతావి బయటికి వస్తాయి.

తిండీ వ్యాయామమూ మాత్రమే బరువు పద్ధతులు అనుకుంటాం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బరువు తగ్గడానికి జనం సొంతంగా వాడుకునే పద్ధతులను పోగుచేస్తే 117 తేలాయి. వాటిని 23 రకాలుగా విడదీశారు. తినడం, నడవడమే కాకుండా లక్ష్యం పెట్టుకోవడం, తన పనిని తాను గమనించుకోవడం, తోటివారి సాయం తీసుకోవడం, తనకు తాను బహుమానం ఇచ్చుకోవడం లాంటివి కూడా అందులో ఉన్నాయి. ఆ జాబితా వాళ్ల జీవితం నుంచి పుట్టింది. మన వంటింట్లో, మన బంధువుల మధ్య జరిగేవన్నీ అందులో దొరకవు. మీ జాబితా మీరే రాసుకోవాలి.

రాసేటప్పుడు ఈ చోట్లన్నీ ఒకసారి వెతకండి.

వంటింట్లో: తాలింపులో నూనె తగ్గించారా? వేపుడు బదులు పులుసు పెట్టారా? మిక్చర్, చేగోడీలు డబ్బాలో పోసి పెట్టడం మానేశారా? డబ్బాను కంటికి కనబడని పై అరలో పెట్టడం కూడా ఒక పద్ధతే.

కంచం దగ్గర: చిన్న కంచంలో తినడం, ముందు కూర తిని తర్వాత అన్నం కలపడం, పెరుగన్నం బదులు మజ్జిగ తాగి లేవడం, టీవీ కట్టేసి తినడం. పిల్లలు వదిలేసిన అన్నం పారేయలేక తామే తినేసే అమ్మలు చాలామంది. అది మానడం ఎంత పెద్ద మార్పో ఏ డైట్ చార్టులోనూ రాసి ఉండదు.

మనుషుల మధ్య: మన దగ్గర బరువు పద్ధతుల్లో అతి కష్టమైనది మొహమాటాన్ని దాటడమే అని నా నమ్మకం. "ఒక్క గరిటె, నా మీద ఒట్టు" అని వడ్డిస్తున్నవాళ్లకు వద్దని చెప్పడం, పెళ్లి భోజనంలో రెండోసారి స్వీటు వద్దని చెయ్యి అడ్డం పెట్టడం, ఆఫీసులో పుట్టినరోజు కేకు సగం ముక్క తీసుకోవడం. ఇవన్నీ రాయండి.

మనసులో: ఆకలా, విసుగా అని ఒక్క క్షణం ఆగి చూసుకోవడం. టెన్షన్‌లో ఉన్నప్పుడు తినే బదులు ఎవరికైనా ఫోన్ చేయడం. ఒక రోజు తప్పితే "ఇవాళ పోయింది, రేపు చూద్దాం" అని మళ్లీ మొదలుపెట్టడం.

ఇక చెప్పుకోవడానికి ఇష్టపడని పద్ధతులు కూడా ఉంటాయి. పూటల తరబడి కడుపు మాడ్చుకోవడం, తిన్నది కక్కేయడం, విరేచనాల మందు వేసుకోవడం, ఆకలి చావడానికి సిగరెట్, పేరూ ఊరూ తెలియని పొడులు, మాత్రలు. ఇవి ఉంటే దాచకుండా రాయండి. ఈ పుస్తకం మీరొక్కరే చూస్తారు. అయితే కక్కేయడం, విరేచనాల మందు ఈ రెండిట్లో ఏది ఉన్నా ఈ లెక్కను ఇక్కడే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి. శరీరంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

రెండో అడుగు: ప్రతి పద్ధతినీ లెక్కకు వచ్చే వాక్యంగా మార్చండి

అసలు పని ఇక్కడే ఉంది. నిదానంగా చేయండి.

"తక్కువ తింటాను" అన్నది కోరిక. దాన్ని లెక్కపెట్టలేం. "రాత్రి ఒక కప్పు అన్నం మాత్రమే తిన్నాను" అన్నది పని. రాత్రి పడుకోబోయే ముందు దీనికి అవును, కాదు అని జవాబు చెప్పగలరు. మీ జాబితాలోని ప్రతి వరుసకూ ఇదే పరీక్ష పెట్టండి: ఇవాళ ఇది జరిగిందా అని అడిగితే తడుముకోకుండా జవాబు వస్తుందా? రాకపోతే వాక్యం మార్చండి.

ఒక్కో వరుసలో ఒక్క పనే ఉండాలి. "స్వీట్లు, వేపుళ్లు మానేశాను" అని రాస్తే, స్వీటు మానేసి బజ్జీ తిన్న రోజు ఏం గుర్తు పెడతారు? రెండు వరుసలు చేయండి.

"అప్పుడప్పుడు", "సాధారణంగా", "వీలైనంత" లాంటి మాటలు తీసేయండి. ఒకరికి అప్పుడప్పుడు అంటే నెలకోసారి, ఇంకొకరికి రోజు విడిచి రోజు. మీ విషయంలోనూ ఈ నెల అప్పుడప్పుడు, వచ్చే నెల అప్పుడప్పుడు ఒకటి కాకపోవచ్చు.

మంచి ఉద్దేశాన్నీ చేసిన పనినీ కలపకండి. 1985లో స్టంకర్డ్, మెస్సిక్ అనే అమెరికన్ మనస్తత్వ పరిశోధకులు తయారుచేసిన 51 ప్రశ్నల పట్టీ ఇప్పటికీ వాడుకలో ఉంది. తిండి విషయంలో మనిషి ఎంత అదుపు పెట్టుకుంటాడు, ఆ అదుపు ఎంత తేలిగ్గా తప్పుతుంది, ఆకలి ఎంత వేధిస్తుంది అన్నవి అది కొలుస్తుంది. అది మనిషి స్వభావాన్ని తెలుసుకోవడానికి పనికొస్తుంది. మీకు ఇప్పుడు కావలసింది నిన్న ఏం చేశారన్నది. "బయటి తిండి తగ్గించాలని గట్టిగా అనుకున్నాను" అనే వరుస ఉంటే కొట్టేసి, "ఇవాళ బయట కొన్నది ఏదీ తినలేదు" అని రాయండి.

మానేయడం కన్నా చేయడం లెక్కకు తేలిక. "చిరుతిండి తినలేదు" అన్న వరుస పక్కనే "సాయంత్రం ఆకలికి జామకాయో, గుప్పెడు ఉడికించిన శనగలో తిన్నాను" అని రాసుకుంటే, మానేసిన చోట ఏం పెట్టారో కూడా తెలుస్తుంది.

ఇక ఉపవాసాల సంగతి విడిగా చెప్పాలి. శనివారం వెంకన్నకు ఒంటిపూట, కార్తీక సోమవారం, ఏకాదశి, రంజాన్ రోజాలు, ఇవన్నీ మన క్యాలెండర్‌లో ఉన్నవే. శనివారం ఒక్కపొద్దు ఉండే మనిషి బరువు కోసం ఉంటున్నాడని రాస్తే లెక్క తప్పు. దేవుడి కోసమే అయినా తిండి మీద దాని ప్రభావం ఉంటుంది కాబట్టి వదిలేయడమూ తప్పే. కాబట్టి వరుస పక్కన ఎందుకు చేస్తున్నారో చిన్న గుర్తు పెట్టండి: బరువుకైతే "బ", భక్తికైతే "భ", డబ్బు ఆదాకో, వేరే అవసరానికో అయితే "వే". బస్సు దొరక్క నడిచిన రోజు నడక కూడా ఇలాగే. ఉపవాసం రోజు రాత్రి అన్నం మాని ఏం తిన్నారో కూడా రాయండి. నెయ్యి వేసిన రవ్వ ఉప్మా, సగ్గుబియ్యం పాయసం, నాలుగు అరటిపళ్లు కలిస్తే మామూలు భోజనం కన్నా ఎక్కువే కావచ్చు.

ఇలా వడగట్టాక పది నుంచి పదిహేను వరుసలు ఉంచుకోండి. అంతకు మించితే రెండో వారంలో పుస్తకం తెరవరు. తిండివి నాలుగైదు, నడక లేదా వ్యాయామానివి రెండు, ఇంటి ఏర్పాటుకు సంబంధించినవి రెండు, మనుషులతో వ్యవహారం ఒకటో రెండో, మనసుకు సంబంధించినది ఒకటి, గమనించుకోవడానికి సంబంధించినది ఒకటి ఉంటే పట్టీ నిండుగా ఉంటుంది.

మూడో అడుగు: పట్టీ గీసి, ఏ రోజుది ఆ రోజే నింపండి

ఎడమ వైపు వరుసలు, పైన సోమవారం నుంచి ఆదివారం దాకా ఏడు గళ్లు. ప్రతి గడిలో మూడు గుర్తుల్లో ఒకటి పెట్టాలి. చేస్తే టిక్కు, చేయకపోతే ఇంటూ, చేసే అవకాశమే రాకపోతే అడ్డగీత.

ఈ అడ్డగీతను చిన్నచూపు చూడకండి. "సాయంత్రం ఆఫీసులో బజ్జీలు వద్దన్నాను" అనేది మీ వరుస అనుకుందాం. ఆ వారం మూడు రోజులే బజ్జీలు వచ్చాయి, రెండు రోజులు వద్దన్నారు. అడ్డగీత లేకపోతే ఏడింట్లో రెండు అని కనిపించి మీరు ఓడినట్టు అనిపిస్తుంది. నిజానికి మూడింట్లో రెండుసార్లు నిలబడ్డారు. వారం చివర ప్రతి వరుసకూ టిక్కులు ఎన్ని, అవకాశాలు ఎన్ని అని రెండు అంకెలు పక్కపక్కన రాయండి.

రోజూ ఒకే సమయంలో, పడుకునే ముందు, నింపండి. ఆదివారం కూర్చుని వారమంతటిదీ గుర్తుతెచ్చుకుని రాస్తే ఆ పట్టీలో మీ ఆశలే ఉంటాయి. జ్ఞాపకం మనకు అనుకూలంగా మాట్లాడుతుంది. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరిశోధన ఈ విషయంలో చాలా పేరు పొందింది. తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పే పదిమందిని తీసుకుని, వాళ్లు చెప్పినదాన్నీ శాస్త్రీయంగా కొలిచినదాన్నీ పోల్చారు. వాళ్లు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారు. వాళ్ల ఒంట్లో శక్తి ఖర్చు మామూలుగానే ఉంది. ఇది చదివి ఎవరినీ అబద్ధాలకోరు అనకండి. తిండి లెక్క గుర్తుపెట్టుకోవడం మనుషులందరికీ కష్టమే.

ఒక రోజు రాయడం మరిచిపోతే ఆ గళ్లు ఖాళీగా వదిలేయండి. ఊహించి నింపిన గడి కన్నా ఖాళీ గడే నిజం చెబుతుంది. పట్టీని ఇంట్లో అందరికీ కనబడేలా గోడకు అంటించవద్దని నా సలహా. నలుగురూ చూస్తారనగానే చేయి టిక్కు వైపే పోతుంది.

నాలుగో అడుగు: పరిమాణాన్ని వస్తువులతో సరిచూడండి

చేశారా లేదా అన్నది పట్టీ చెబుతుంది, ఎంత అన్నది చెప్పదు. అన్నిటినీ తూచాల్సిన పని లేదు. తప్పు జరిగే అవకాశం ఎక్కువ ఉన్న నాలుగు చోట్ల మాత్రం కొలవండి.

నూనె: మనిషి మనిషికీ కొలవలేం, ఇంటి మొత్తానికి కొలవడం సులువు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కిలోకాలరీలు అవసరమైన మనిషి కంచంలో నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చూపించారు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు ఇది 3,240 గ్రాములు, అంటే దాదాపు మూడున్నర లీటర్లు. కొత్త ప్యాకెట్ కత్తిరించిన రోజే దాని మీద తేదీ రాయండి. నెలాఖరుకు ఎన్ని ఖాళీ అయ్యాయో చూస్తే చాలు. ఆవకాయలో తేలే నూనె, నెయ్యి గిన్నె, బయట నుంచి తెచ్చిన పూరీ ఈ ప్యాకెట్ల లెక్కలోకి రావు కాబట్టి అసలు వాడకం ఇంకా ఎక్కువేనని గుర్తుంచుకోండి. "నూనె తగ్గించాను" అనే మాటను ఇంతకన్నా బాగా పరీక్షించే మార్గం నాకు తెలియదు.

అన్నం: మీరు రోజూ వడ్డించుకునే గరిటెతో ఎన్ని గరిటెలు పడితే ఒక కప్పు నిండుతుందో ఒక్కసారి చూసి పుస్తకం మొదటి పేజీలో రాయండి. తర్వాత గరిటెల లెక్క చాలు. చిరుధాన్యాలకు మారినవాళ్లకు ఇది మరీ అవసరం. వండని తెల్ల బియ్యం వంద గ్రాముల్లో దాదాపు 350 కిలోకాలరీలు ఉంటే, రాగి, జొన్నల్లో 320 నుంచి 335 దాకా ఉంటాయి. పీచు ఎక్కువ కాబట్టి కడుపు నిండినట్టు అనిపిస్తుంది, అది మంచిదే. కానీ "కొర్రలే కదా" అని రెండింతలు తింటే బరువు తగ్గదు. పుల్కాల సంగతీ అంతే. "రాత్రి పుల్కాలు" అని రాయకండి, "రెండు పుల్కాలు" అని రాయండి.

చక్కెర: రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానిలో రెండు చిన్న చెంచాలు అంటే ఎనిమిది చెంచాలు. చెంచాకు నాలుగు గ్రాములు వేసుకున్నా 32 గ్రాములు. రోజు మొత్తానికి పైనుంచి కలిపే చక్కెర 25 నుంచి 30 గ్రాములు దాటకూడదని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే స్వీటు ముట్టకపోయినా టీలతోనే హద్దు దాటిపోతుంది. తేనె, బెల్లం కూడా ఈ లెక్కలోనివే.

నడక: నిమిషాలు రాయండి, రౌండ్లు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమ చెబుతోంది. మోస్తరు అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. స్నేహితులతో ఆగి కబుర్లు చెప్పిన పది నిమిషాలు తీసేసి రాయండి. ఫోన్‌లో అడుగుల లెక్క ఉంటే ఆసరాగా వాడుకోవచ్చు. కానీ వంట చేసేటప్పుడు ఫోన్ చార్జింగ్‌లో ఉంటుంది కాబట్టి గృహిణుల శ్రమ అందులో చాలావరకు పడదు.

ఐదో అడుగు: బరువు, నడుము

బరువు మిషన్ గట్టి నేల మీద ఉండాలి. ఉదయం కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తినక ముందు, తేలిక బట్టలతో చూసుకోండి. రోజు రోజుకూ కిలో అటూ ఇటూ కావడం మామూలు. ముందు రోజు ఉప్పు ఎక్కువ తిన్నా, మలబద్ధకం ఉన్నా, నెలసరి దగ్గరపడినా అంకె పెరుగుతుంది. అందుకని రోజూ చూసుకునేవాళ్లు వారం సగటు తీయండి. రోజూ చూస్తే దిగులు పడేవాళ్లు వారానికి ఒకసారి, ఒకే రోజున చూడండి.

నడుము కొలత బొడ్డు దగ్గరో, ప్యాంటు కట్టే చోటో కాదు. పక్కన చివరి పక్కటెముక కింది అంచుకూ, తుంటి ఎముక పై అంచుకూ నడి మధ్యన టేపు పెట్టాలి. మామూలుగా ఊపిరి వదిలి, పొట్ట లోపలికి లాగకుండా, టేపు ఒంటికి తగులుతూ బిగుసుకోకుండా చదవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే భారతీయుల్లో షుగర్, గుండె జబ్బుల ముప్పు ఎక్కువని లెక్క. నెలకు రెండుసార్లు చాలు.

భారతీయులకు బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని మన వైద్యులు వాడుతున్న హద్దు. 160 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న మనిషికి ఇది దాదాపు 59 కిలోలు, 64 కిలోలు అవుతుంది. మీరు ఆ హద్దు లోపలే ఉంటే, బరువు తగ్గించే అవసరం ఉందా లేదా అన్నదే ముందు తేల్చుకోండి.

ఆరో అడుగు: నాలుగు వారాల తర్వాత పట్టీ చదవండి

నాలుగు పేజీలూ పక్కపక్కన పెట్టండి. ముందు వరుసల వెంట అడ్డంగా చూడండి. కొన్ని పద్ధతులు ఏ ప్రయత్నమూ లేకుండానే రోజూ టిక్కులతో ఉంటాయి. అవి మీకు అలవాటైపోయాయి. వాటిని వచ్చే నెల పట్టీలోంచి తీసేయవచ్చు. కొన్ని మొదటి వారం నిండుగా ఉండి నాలుగో వారానికి మాయమై ఉంటాయి. అవి మీ జీవితానికి సరిపడవు, లేదా మరీ కఠినంగా పెట్టుకున్నారు. "రాత్రి అన్నం పూర్తిగా మానేశాను" అనేది నిలబడకపోతే "రాత్రి ఒక కప్పు" అని మార్చి చూడండి.

తర్వాత రోజుల వెంట నిలువుగా చూడండి. చాలా పట్టీల్లో ఆదివారం గళ్లు ఇంటూలతో నిండి ఉంటాయి. ఆదివారం బిర్యానీ మీ బలహీనత అని దాని అర్థం కాదు. మిగతా ఆరు రోజుల పద్ధతులు ఆదివారానికి పనికిరావని మాత్రమే అర్థం. ఆ రోజుకు వేరే వరుస కావాలి: "బిర్యానీ ఒకే ప్లేటు, రాత్రికి మజ్జిగ, పండు". నైట్ షిఫ్టు చేసేవాళ్లకు ఆదివారం బదులు షిఫ్టు మారే రోజున ఇలా కనిపిస్తుంది.

అన్ని టిక్కులూ కూడి ఒక్క మార్కు వేసుకోవద్దు. పరిశోధకుల దగ్గర అలాంటి కొలబద్దలు ఉన్నాయి. 2013లో అమెరికాలో ప్రచురించిన ఒక 30 ప్రశ్నల కొలబద్ద తిండి ఎంపిక, గమనించుకోవడం, శారీరక శ్రమ, మానసికంగా తట్టుకోవడం అని నాలుగు భాగాలుగా మార్కులిస్తుంది. వందలమందిని పోల్చేటప్పుడు అది ఉపయోగం. మీ ఒక్కరి విషయంలో నిమ్మరసం టిక్కు, నలభై నిమిషాల నడక టిక్కు సమానం కావు. కూడితే అర్థం లేని అంకె వస్తుంది.

ఎక్కువ పద్ధతులు పాటించిన వారంలోనే బరువు ఎక్కువగా కనిపించిందని కంగారు పడకండి. బరువు పెరిగిందని తెలిసిన వారంలోనే మనం ఎక్కువ జాగ్రత్తలు మొదలుపెడతాం. ఏది ముందు, ఏది వెనక అన్నది చూడాలి. ఒక వారం టిక్కులను అదే వారం బరువుతో కాకుండా తర్వాతి రెండు మూడు వారాల బరువుతో పోల్చండి. ఏ పద్ధతి పనిచేస్తోందో తెలియాలంటే రెండో నెలలో ఒక్కదాన్నే మార్చి, మిగతావి అలాగే ఉంచండి. ఐదు ఒకేసారి మారిస్తే బరువు తగ్గినా దేని వల్ల తగ్గిందో తెలియదు.

పక్కవాళ్ల విజయాలతో పోల్చుకునే ముందు కూడా ఒక్క నిమిషం ఆగండి. అమెరికాలో 1994లో బరువు తగ్గినవాళ్ల వివరాలు నమోదు చేసే ఒక జాతీయ రిజిస్ట్రీ మొదలైంది. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాది పాటు దాన్ని నిలుపుకున్నవాళ్లనే అందులో చేర్చుకున్నారు. వాళ్లలో 75 శాతం వారానికి ఒకసారైనా బరువు చూసుకుంటారు, 90 శాతం సగటున రోజుకు గంట వ్యాయామం చేస్తారు. ఈ అంకెలు నాకు ఉత్సాహం ఇస్తాయి. కానీ అవే పనులు చేసి కూడా తగ్గనివాళ్లు ఆ రిజిస్ట్రీలో ఉండరు. యూట్యూబ్‌లో "నేను ఇరవై కిలోలు తగ్గాను" అని చెప్పేవాళ్ల మాటనూ ఇదే కంటితో చూడండి.

ఇతరులను అడిగి రాసుకోవాలంటే

నర్సింగ్ లేదా హోమ్ సైన్స్ విద్యార్థులు, ఆశా కార్యకర్తలు, అపార్ట్‌మెంట్‌లో వాకింగ్ బృందం నడిపేవాళ్లు ఇదే పట్టీతో పదిమంది పద్ధతులు తెలుసుకోవచ్చు. అప్పుడు కొన్ని జాగ్రత్తలు ఎక్కువ కావాలి.

ఇంగ్లిష్ ప్రశ్నల పట్టీ దొరికిందని పదం పదం తెలుగులోకి మార్చకండి. ఆ పట్టీలోని సలాడ్, సీరియల్ మన కంచంలో ఉండవు. పప్పు, చారు, పెరుగు, పచ్చడి అందులో ఉండవు. ముందు ఆ ఊరివాళ్లు ఏం చేస్తున్నారో వాళ్ల నోటితోనే చెప్పించుకుని ఆ మాటలతోనే వరుసలు రాయండి. నాష్తా అనేవాళ్లను నాష్తా అనే అడగండి, టిఫిన్ అనేవాళ్లను టిఫిన్ అనే అడగండి.

రాసిన ప్రశ్నలను ఐదారుగురికి చదివి వినిపించి, "దీన్ని మీ మాటల్లో చెప్పండి" అని అడగండి. మీరు అనుకున్నదీ వాళ్లు అర్థం చేసుకున్నదీ వేరైతే ప్రశ్న మార్చాలి. ఆ తర్వాతే మిగతావాళ్ల దగ్గరికి వెళ్లండి.

కోడలిని అత్తగారి ముందు, భార్యను భర్త ముందు అడగకండి. తిండి గురించీ ఒళ్లు గురించీ ఎవరికైనా మాటలు పడే అనుభవం ఉంటుంది. "పెద్దమ్మా, ఇందులో తప్పు జవాబు లేదు, మొన్న వారంలో జరిగింది జరిగినట్టు చెప్పండి చాలు" అని మొదలుపెట్టండి. "స్వీట్లు తింటారా?" అంటే చాలామంది లేదంటారు. "ఈ ఏడు రోజుల్లో స్వీటు ఎన్ని రోజులు తిన్నారు? సున్నా నుంచి ఏడు దాకా ఏదైనా చెప్పొచ్చు" అంటే నిజానికి దగ్గరగా వస్తారు. సంక్రాంతి, దసరా, రంజాన్, పెళ్లిళ్ల వారాల్లో అడిగితే ఆ సంగతి పట్టీ మీద రాయాలి. అరిసెలు వండిన వారం, మామూలు వారం ఒకటి కావు. పేర్లు రాయకుండా నంబర్లు రాయండి, పట్టీలు తాళం వేసిన చోట ఉంచండి. ఎవరైనా చెప్పనంటే అక్కడితో ఆపేయండి.

ఎప్పటిదాకా రాయాలి?

రోజువారీ పట్టీ జీవితాంతం అక్కర్లేదు. మొదటి రెండు నెలలు పూర్తిగా రాయండి. పద్ధతులు కుదురుకున్నాక మూడు నెలలకు ఒక వారం రాసి, పాత పేజీలతో పోల్చుకుంటే సరిపోతుంది. ఉద్యోగం మారినా, ఇల్లు మారినా, కాన్పు అయ్యాక డాక్టరు సరేనన్నా, కొత్త మందులు మొదలైనా మరో నాలుగు వారాలు రాయండి. కొన్ని మందులే బరువు పెంచుతాయి కాబట్టి, మొదలైన తేదీని పట్టీ మీద గుర్తు పెట్టుకోండి.

పట్టీలో టిక్కులు నిండుగా, నూనె ప్యాకెట్ల లెక్క సరిగా, నడక నిమిషాలు 150 దాటి ఉన్నా మూడు నెలలకు బరువూ నడుమూ కదలకపోతే, పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. థైరాయిడ్, వాడుతున్న మందులు, నిద్రలో ఊపిరి ఆగడం, ఆడవాళ్లలో పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) లాంటివి చూడవలసి ఉంటుంది. అలాగే మీరు ఏ ప్రయత్నమూ చేయకుండానే ఆరు నెలలు, ఏడాది లోపు ఒంటి బరువులో ఐదు శాతం తగ్గితే, అంటే 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గితే, సంతోషించకుండా అదే వారం చూపించుకోండి. "తక్కువే తింటున్నానండీ" అని చెప్పే బదులు నాలుగు వారాల పేజీలు బల్ల మీద పెడితే డాక్టరు కూడా ఏ పరీక్షతో మొదలుపెట్టాలో తొందరగా తేల్చుకోగలుగుతారు.